నీలం తీగ ఎందుకు తెగింది?

"టప్!"

చప్పుడు చిన్నదే. కానీ రేఖకి మాత్రం ఇల్లంతా దద్దరిల్లినట్టనిపించింది. తెగిన తీగ సర్రున పైకి లేచి, ఆమె చేతి మీద చిన్న కొరడాలా తగిలి, అలా గాల్లో వేలాడిపోయింది.

రేఖ ఊపిరి బిగపట్టి వంటింటి వైపు చూసింది. నానమ్మ చాప మీద పడుకుని గుర్రు పెడుతోంది. ఆదివారం చర్చి అయ్యాక కోడికూర తిని పడుకుంటే ఆ గుర్రుకి అంతుండదు. అమ్మా నాన్నా బట్టల కొట్టులో ఉన్నారు. చిన్నాన్న పిన్నిని బండెక్కించుకుని రామతీర్థం కొండ మీద పాత బౌద్ధుల గోడలు చూపించడానికి వెళ్ళాడు. కొత్తగా పెళ్ళయింది కదా, వాళ్ళకి ఏ గోడ చూసినా ముచ్చటే.

ఇంట్లో మేలుకుని ఉన్నది ముగ్గురే. రేఖ, హార్ప్, గోడ మీద బల్లి.

"నేను నీలం తీగ ముట్టుకోనే లేదు," అంది రేఖ బల్లితో.

అది నిజం కూడా. ఆమె మీటింది పక్కనున్న తెల్ల తీగని. మరి నీలం తీగ ఎందుకు తెగింది?

* * *

ఆ హార్ప్ రాజాంలో దిగిన రోజు వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పద్మజ పిన్ని విశాఖపట్నం నుంచి కాపురానికి వచ్చినప్పుడు వ్యాన్‌లో బీరువా, మంచం, మిక్సీతో పాటు దుప్పట్లు చుట్టిన ఒక పెద్ద వింత వస్తువు దిగింది. దుప్పట్లు తీస్తే తేనెరంగు చెక్క. హంస మెడలా వంపు. పైనుంచి కిందికి వరసగా తీగలు. పిన్ని చదివిన కాలేజీలో సంగీతం టీచరమ్మ రిటైరవుతూ తన శిష్యురాలికి ఇచ్చి వెళ్ళిందట.

నానమ్మ ఎలీసమ్మ కళ్ళజోడు సర్దుకుని చుట్టూ తిరిగి చూసింది. "ఇదేటమ్మా, మగ్గమా? పొందూరులో మా మేనత్త ఇంట్లో ఇలాటిదే ఉండీది. మరి పంచె నేస్తావా?"

పక్కింటి ఈశ్వరి రేఖ చెవిలో గొణిగింది. "మీ పిన్ని వీణ నిలబడిపోయిందేటే? పడుకోబెట్టి వాయించరా?"

పిన్ని నవ్వేసి, స్టూల్ వేసుకుని, హార్ప్‌ని భుజం మీదికి వాల్చుకుని రెండు చేతులూ తీగల మీద ఆడించింది. అంతే. వానాకాలం తొలి చినుకులు రేకుల మీద కాకుండా చెరువు నీళ్ళ మీద పడితే ఎలా ఉంటుందో, అలా ఉంది. ఈశ్వరి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే రేఖ పిన్ని కొంగు పట్టుకుంది. "నాకు నేర్పవా పిన్నీ?"

నేర్చుకోవడం అనుకున్నంత సులువుగా లేదు. బొటనవేలు పైకి ఉండాలి. మోచెయ్యి జారకూడదు. చిటికెన వేలు అసలు ముట్టుకోకూడదు, అది ఊరికే చూస్తూ కూర్చోవాలి. వేళ్ళ చివర బొబ్బలొచ్చాయి. నానమ్మ కొబ్బరినూనె తెస్తే పిన్ని వద్దంది. "ఆరనివ్వండి అత్తయ్యా, గట్టిపడతాయి. నాకూ అలాగే అయింది."

అయినా బాగుండేది. హార్ప్‌ని భుజానికి ఆనించుకుంటే పాట చెవిలోకే కాదు, ఎముకల్లోకి కూడా వచ్చేది. ఎర్ర తీగ స. నీలం తీగ మ. మిగతావన్నీ తెలుపు. ఎర్రదీ నీలందీ చూసుకుంటే దారి తప్పే భయం లేదు.

ఒక్క ట్యూనింగ్ అంటేనే రేఖకి విసుగు.

వాయించే ముందు ప్రతిసారీ పిన్ని టీ అక్షరం ఆకారంలో ఉండే కీ తీసుకుని, ఒక్కో తీగ మీటి, విని, పైనున్న మేకుకి కీ తగిలించి రవంత తిప్పి, మళ్ళీ మీటి, మళ్ళీ వినేది. పక్కన ఫోన్‌లో శ్రుతి చూపించే ముల్లు అటూ ఇటూ ఊగేది. రేఖకి అది అన్నం ముందు ప్రార్థన లాంటిది. కళ్ళు మూసుకుంటుంది గానీ మనసంతా పళ్ళెంలోనే ఉంటుంది.

"కీ మాత్రం ఒక్కదానివీ ముట్టుకోకు," అని చెప్పింది పిన్ని. "అది కూడా నేర్పిస్తాను. నిదానంగా."

నిదానం అనే మాట రేఖకి చిన్నప్పటి నుంచీ పడదు.

వచ్చే ఆదివారం చర్చిలో పంటపండుగ. రైతులు కొత్త వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి దేవుడి ముందు పెట్టే రోజు. అప్పుడు రేఖ, పిన్ని కలిసి హార్ప్ మీద కృతజ్ఞత పాట వాయించాలి. మొదటి చరణం రేఖ ఒక్కతే! ఆ సంగతి ఈశ్వరికి చెప్పి, ఈ మధ్యాహ్నం వచ్చి వినమని కూడా రేఖ గొప్పగా పిలిచేసింది.

కానీ తీరా మీటి చూస్తే నీలం పక్కనున్న తెల్ల తీగ చెడ్డగా మూలిగింది. ఈశ్వరి వచ్చేస్తుంది. పిన్ని లేదు. కీ అక్కడే ఉంది, పిన్ని మరిచిపోయిన ఫోనూ అక్కడే ఉంది.

రేఖ తెల్ల తీగ మీటింది. ఫోన్‌లో ముల్లు కిందికి చూపించింది. కీ తిప్పింది. మీటింది. ముల్లు కదల్లేదు. ఇంకాస్త తిప్పింది. కదల్లేదు. 'మొండిది' అనుకుని గట్టిగా తిప్పింది.

టప్!

* * *

ఈశ్వరి వస్తే గుమ్మంలోనే ఆపేసింది. "ఇవాళ కాదే. వేలు నొప్పిగా ఉన్నాది."

"రమ్మన్నది నువ్వే కదే! ఇప్పుడు వేలేటి, కాలేటి?" అంటూ ఈశ్వరి మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం పిన్ని చెప్పులు విప్పుతూనే హార్ప్ వైపు చూసింది. అయ్యో అంటూ పరుగున వచ్చి తెగిన తీగని అరచేతిలోకి తీసుకుంది. రేఖ లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఊరికే ఎందుకు తెగుతుంది?" పిన్ని తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "వంటింటి పక్కనే పెట్టాం కదా... ఆవిరికి చెక్క ఉబ్బిందేమో. నేనే చూసుకోవలసింది."

'అవును, ఆవిరే అయ్యుంటుంది,' అనుకుంది రేఖ. 'నేను నీలం తీగ ముట్టుకోలేదు కదా.' అయినా ఆ రాత్రి కోడికూర మిగిలినా రెండోసారి వడ్డించుకోలేదు.

పిన్ని మాటలు నానమ్మ చెవిన కూడా పడ్డాయి.

మర్నాడు పొద్దున్న రేఖ పొగ వాసనకి లేచింది. పెరట్లోకి వెళ్ళి చూస్తే మంచులో, తలకి తువ్వాలు చుట్టుకుని, మూడు ఇటికల మధ్య పుల్లలు ఎగదోస్తూ నానమ్మ! పొయ్యి మీద చోడి అంబలి కుతకుతమంటోంది.

"గేస్ పొయ్యి ఉండగా ఇదేటి నానమ్మా?"

"మీ పిన్ని వాయిద్యానికి ఆవిరి పడదట కదే. పిల్ల పుట్టింటి నుంచి పట్టుకొచ్చినాది అదొక్కటీ పేనంగా సూసుకుంటాది. మన ఇంటికొచ్చి అది పాడైపోయినాదంటే నాకు బాగుంటాదా? ఆవిరంతా ఇక్కడే పోనీ." నానమ్మ ఊదుగొట్టం నోట పెట్టుకుని ఊది, ఖళ్ళుఖళ్ళున దగ్గింది.

పిన్ని వచ్చి బతిమాలింది. చిన్నాన్న జాన్ వచ్చి కోప్పడ్డాడు. నానమ్మ వింటేనా! "మీకేటి తెలుసురా! మా కాలంలో పెరట్లో వండిన కూడుకే రుచి," అని వాళ్ళ మాట కొట్టిపారేసింది.

మంగళవారం కూడా పెరటి పొయ్యే. బుధవారానికి నానమ్మ మోకాళ్ళు పట్టేశాయి. ఇటికల ముందు నుంచి లేవాలంటే గోడ పట్టుకుని, "ప్రభువా" అని, ఒక్కో కాలూ కూడదీసుకుని లేవాల్సి వచ్చింది. రేఖ వెళ్ళి చెయ్యి అందించింది. నానమ్మ చెయ్యి పొగ వాసన వేసింది.

ఈ దగ్గూ ఈ మోకాళ్ళ నొప్పీ అన్నీ ఆ టప్‌లోంచే వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికే తెలుసు. బల్లికి తెలిసినా అది చెప్పదు.

గురువారం బడి నుంచి వచ్చేసరికి పిన్ని హార్ప్ చుట్టూ దుప్పటి చుడుతోంది. ముందు గదిలో చిన్నాన్న తలుపుకి ఆనుకుని దిగులుగా నిలబడ్డాడు.

"ఏటి పిన్నీ, ఏటి చేస్తన్నావు?"

"శనివారం మా తమ్ముడు కారులో వస్తున్నాడురా. హార్ప్‌ని మా అమ్మ ఇంటికి పంపించేస్తాను. అత్తయ్య ఈ చలిలో పొగలో వండుతుంటే నేనిక్కడ పాటలు వాయించుకుంటానా? తప్పు కదూ." పిన్ని నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పండగకి నువ్వు మామూలుగా పాడేద్దువులే. నీ గొంతు బాగుంటుంది."

పెరట్లోంచి దగ్గు వినిపించింది.

నానమ్మేమో పిన్ని కోసం పొగలో కూర్చుంది. పిన్నేమో నానమ్మ కోసం హార్ప్ పంపించేస్తోంది. ఒకరి మీద ఒకరికున్న ప్రేమతో ఇద్దరూ పోటీ పడుతుంటే, మధ్యలో రేఖ లెక్కల పుస్తకం వెనకాల దాక్కుంది!

రేఖ బ్యాగు కింద పడేసి దుప్పటి అంచు పట్టుకుంది.

"పంపించకు పిన్నీ. ఆవిరి కాదు. నేనే."

"ఏంటి నువ్వే?"

"కీ తిప్పాను. ఆదివారం. మీరు కొండకి వెళ్ళినప్పుడు. ఈశ్వరి వస్తాదని తొందరపడ్డాను. నీలం తీగని ముట్టుకోలేదు, ఒట్టు, పక్కదాన్నే మీటాను. ఎందుకు తెగిందో తెలీదు. కానీ కీ నా చేతిలోనే ఉన్నాది." మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి. వాటి వెనకాలే కన్నీళ్ళూ వచ్చేశాయి.

ఊదుగొట్టం చేత్తో పట్టుకుని నానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొత్తం వినేసింది.

పిన్ని మెల్లగా దుప్పటి విప్పింది. కీ తెచ్చి రేఖ చేతిలో పెట్టింది.

"ఎలా చేశావో అలాగే చేసి చూపించు. తిప్పకు. పెట్టు, చాలు."

రేఖ ముక్కు తుడుచుకుని ఎడమ చేత్తో తెల్ల తీగ పట్టుకుంది. కుడి చేత్తో కీ పైకెత్తి మేకుకి తగిలించింది.

పిన్ని వంగి చూసింది. అటు వైపు వెళ్ళి చూసింది. ఒక్కసారిగా పకపకా నవ్వేసింది.

"ఏటమ్మా, ఏటైనాది?" అంది నానమ్మ కంగారుగా.

"అత్తయ్యా, తీగలు ఈ వైపు, మేకుల తలలు ఆ వైపు. ఈ పిల్ల తెల్ల తీగ మీటింది, కీ మాత్రం పక్కనున్న నీలం తీగ మేకుకి పెట్టింది! తెల్లదాని కూత వింటూ నీలందాన్ని బిగించుకుంటూ పోయింది. పాపం ముల్లు ఎలా కదులుతుంది? తెగకేం చేస్తుంది?"

రేఖ కళ్ళు పెద్దవయ్యాయి. అదా సంగతి! ఇన్ని రోజులూ గుండెల్లో బరువుగా కూర్చున్న ప్రశ్న టక్కున ఎగిరిపోయింది.

"నీకు కోపం రాలేదా పిన్నీ?"

"తీగ తెగినందుకు లేదు. నేను మొదటి సంవత్సరంలో ఎన్ని తెంపానో మా టీచరమ్మనే అడగాలి. నాకు చెప్పనందుకు వచ్చింది. కొంచెం." పిన్ని బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి ఆ కొంచెం ఎంతో చూపించింది. "ఇప్పుడు అది కూడా లేదు."

"నాకుంది!" అంది నానమ్మ. "ఒసే రేఖా, ఇన్ని పొద్దుల నుంచీ నాసేత పొగ తాగిస్తావే? మసి పట్టిన ఆ గిన్నెలన్నీ నువ్వే తోముతావు. సూడు, ఎప్పటిలా మెరవాలి!"

"తోముతాను నానమ్మా!" అంది రేఖ. గిన్నెలు తోమమంటే అంత సంతోషంగా ఒప్పుకున్న పిల్లని రాజాంలో ఎవరూ చూసి ఉండరు.

చిన్నాన్న అప్పటికే పెరట్లో ఇటికలు పీకేస్తున్నాడు, నానమ్మ మనసు మారకముందే.

* * *

పెళ్ళి చీరల కింద, పెట్టె అడుగున ఉన్న కవర్లోంచి పిన్ని కొత్త నీలం తీగ తీసింది. పాత తీగ ముడి హార్ప్ కడుపులో ఎక్కడో పడిపోయింది. పిన్ని చెయ్యి వెనక రంధ్రంలో పట్టలేదు.

"నీ చెయ్యి పెట్టు."

రేఖ చెయ్యి సులువుగా దూరింది. లోపల చీకటి, చెక్క వాసన. ముడి వేళ్ళకి తగలగానే బయట పిన్ని పొడుగు తీగ ఒకటి మీటింది. రేఖ ఉలిక్కిపడింది. హార్ప్ లోపలంతా జుమ్మని వణికింది. పావురాన్ని పట్టుకుంటే దాని గుండె అరచేతిలో కొట్టుకున్నట్టు!

"పిన్నీ, మళ్ళీ! మళ్ళీ మీటు!"

ముడి దొరికిన చాలాసేపటి దాకా చెయ్యి బయటికి రాలేదు.

తరవాత పిన్ని కీ ఇచ్చింది. "తీగ వెంట వేలు పోనీ. కిందనుంచి పైదాకా. మేకు దొరికిందా? వేలు తియ్యకుండా అటువైపు కీ తగిలించు. ఇప్పుడు రవ్వంత తిప్పి విను. మారిందా?"

"మారింది!"

"మారితే అదే నీ తీగ. మారకపోతే ఆగిపో. తిప్పుకుంటూ పోకు."

కొత్త తీగ ఒక పట్టాన కుదురుకోలేదు. ఇప్పుడు సరిచేస్తే కాసేపటికి దిగిపోయేది.

"కొత్త తీగ సాగుతుంది మరి," అంది పిన్ని. "ఈ ఇల్లు ఇంకా అలవాటు కాలేదు. మాటిమాటికీ ఎవరో ఒకరు పలకరిస్తూ ఉండాలి."

"అచ్చం కొత్త కోడలే," అన్నాడు చిన్నాన్న. పిన్ని అతని మీదికి దిండు విసిరింది. అది వెళ్ళి నానమ్మకి తగిలింది. ఆ తరవాత ఎవరు ఎందుకు నవ్వారో చెప్పడం కష్టం.

* * *

పంటపండుగ రోజు చర్చి కొత్త వడ్ల వాసనతో నిండిపోయింది. బల్ల చుట్టూ వరికంకుల కట్టలు, చెరకు గడలు, గుమ్మడికాయలు. ఎవరో కాళ్ళు కట్టి తెచ్చిన కోడిపుంజు పాస్టరుగారి మాటలకి మధ్యమధ్యలో 'కొక్కొరొకో' అని జవాబిస్తోంది. రేఖ మళ్ళీ పిలిచింది కదా అని ఈశ్వరి కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

పిన్ని తల ఊపింది. రేఖ హార్ప్‌ని భుజానికి ఆనించుకుంది. బొటనవేలు పైకి. మోచెయ్యి సరిగ్గా. పాటలో మొదటి వరుస మెత్తగా, చక్కగా వచ్చింది. నానమ్మ చుట్టుపక్కల వాళ్ళందరి వైపూ తిరిగి, 'మా మనవరాలే' అన్నట్టు చూసింది.

రెండో వరుసలో నీలం తీగ వచ్చింది. అది దిగిపోయి ఉంది! కొంచెమే. పాయసంలో ఉప్పురాయి తగిలినంత.

ఎవరూ గమనించి ఉండరు. ఇలాగే వాయించుకుంటూ పోవచ్చు. నీలం తీగ మళ్ళీ వస్తుంది, మళ్ళీ వస్తుంది. దాన్ని గబగబా దాటేస్తే సరి.

రేఖ వేళ్ళు ఆగిపోయాయి. అరచేతులతో తీగలని అదిమింది.

"ఏటే, మరిసిపోయావా?" ముందు వరసలోంచి ఈశ్వరి గుసగుస అందరికీ వినిపించింది.

"మర్చిపోలేదు," అంది రేఖ, ఆమెకూ అందరికీ వినపడేట్టు. "తీగ దిగిపోయింది. కొంచెం ఆగండి, సరిచేస్తాను."

పిన్ని లేవబోయింది. రేఖ చెయ్యి చాపింది, కీ కోసం.

చూపుడువేలు నీలం తీగ మీద పెట్టింది. మెల్లగా, తొందర లేకుండా పైకి నడిపించింది. మేకు దొరికింది. అటువైపు కీ తగిలించింది. రవ్వంత తిప్పి, మీటి, తల వంచి వింది.

చర్చి అంతా ఆమెతో పాటు వింది. కోడిపుంజు కూడా ఎందుకో నోరు మూసుకుంది.

మారింది. ఇంకొక్క రవ్వ. మళ్ళీ మీటింది. ఈసారి నీలం తీగ పొద్దున్నే లేచిన పిట్టలా శుభ్రంగా పలికింది.

"అద్గదీ!" అంది నానమ్మ గట్టిగా, చర్చి అని కూడా మరిచిపోయి.

రేఖ కీ పిన్నికి అందించి, హార్ప్‌ని మళ్ళీ భుజానికి వాల్చుకుని, పాట మొదటినుంచి మొదలుపెట్టింది.